గుమ్మంగారి తాత్కాలిక ఫోల్డరు

చరిత్రలో కొందరు కోటల్ని కాపాడారు. కొందరు దండయాత్రల నుంచి గ్రంథాలయాల్ని కాపాడారు. గుమ్మంగారు ఒక ఫోల్డర్ని కాపాడారు. కంప్యూటర్ తెరమీద ఎడమవైపు పై మూలన ఉండే ఆ ఫోల్డర్ని ఆయన ఆరేళ్లుగా కంటికి రెప్పలా చూసుకుంటున్నారు. ఈ ఆరేళ్లలో ఇంటి గోడలకు రెండుసార్లు రంగులు మారాయి. ఆయన కళ్లద్దాలు మూడుసార్లు మారాయి. చివరికి కంప్యూటరే మారింది. అయినా పాత కంప్యూటర్లోంచి ఆ ఫోల్డర్ని పొల్లు పోకుండా, ఊరేగింపుగా తీసుకొచ్చినట్టు తీసుకొచ్చి, కొత్తదాంట్లో అదే మూలన ప్రతిష్ఠించారు. దాని పేరు "తాత్కాలికం".

అంత శ్రద్ధ ఎందుకంటే, అది పోతే అందులో ఉన్నదంతా మొదటినుంచి మళ్లీ తయారవడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఈ లెక్క ఆయన గడియారం దగ్గర పెట్టుకుని స్వయంగా తేల్చింది. భార్య ఎప్పుడైనా, "మీ కంప్యూటర్ కాస్త శుభ్రం చేసుకోకూడదూ" అంటే, "నలభై నిమిషాలు" అనేవారు. ఆ రెండు ముక్కల తర్వాత ఇక వాదనకు తావుండేది కాదు.

ఇంతకీ ఆయన పనేమిటో చెప్పాలి. ఎవరో రాసిన ప్రోగ్రామును కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి కూర్చిపెట్టే సరంజామాను బిల్డ్ సిస్టమ్ అంటారు. వంటకు దిగేముందు డబ్బాలన్నీ తడిమి చూసుకున్నట్టు, అది కూర్చడానికి దిగేముందు కావలసినవన్నీ ఆ కంప్యూటర్లో ఉన్నాయా, ఉంటే ఎక్కడున్నాయి, కొత్తవా పాతవా అని వెతుకుతుంది. ఆ వెతికే భాగమే వెతుకుడు మాడ్యూల్. దేశదేశాల వాళ్లు జీతం లేకుండా కలిసి నడిపే ఒక బిల్డ్ సిస్టమ్‌లో ఈ మాడ్యూల్ బాధ్యత పదకొండేళ్లుగా గుమ్మంగారిది. దాంట్లో ఎవరైనా ఏదైనా మార్చాలంటే ప్యాచ్ పంపాలి. ప్యాచ్ అంటే ఫలానా లైను తీసి ఫలానా లైను పెట్టమని చెప్పే సవరణ పత్రం. గుమ్మంగారు దాన్ని చదివి, తన దగ్గర నడిపి చూసి, సరేనంటేనే లోపలికి వస్తుంది. ఎంతటివాడైనా ఆయన దగ్గర తల వంచకుండా లోపలికి రాలేడు కాబట్టి ఆ బృందంలో ఎవరో ఆయనకా పేరు పెట్టారు. తన వెనక తనను గుమ్మమంటారని ఆయనకు తెలుసు. పైకి చిరాకుపడేవారు గానీ లోపల కొంచెం బాగానే ఉండేది.

మూడు వారాల కిందట ఒక ప్యాచ్ వచ్చింది. పంపినావిడ చూపులేని పిల్లలకు పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ఒక చిన్న ప్రెస్సులో కంప్యూటర్ల పని చూస్తుంది. అక్షరాల్ని వేలితో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కలుగా మార్చే ప్రోగ్రాముల మూట ఒకటుంది. దాని రెండో వెర్షను ఎప్పటినుంచో ఒకచోట ఉంటోంది. కొత్తగా వచ్చిన మూడో వెర్షను కాపురం మార్చి ఇంకోచోట ఉంటోంది. వెతుకుడు మాడ్యూల్‌కు ఆ కొత్త చిరునామా తెలియదు. పాతచోటికే వెళ్లి పాతదాన్నే పట్టుకొస్తోంది. ముందు కొత్త చిరునామాలో చూడు, లేకపోతే పాతచోట చూడు అని చెప్పే నాలుగు లైన్లే ఆవిడ ప్యాచ్.

కింద ఒక వాక్యం రాసింది. వాళ్ల పాత అచ్చుయంత్రం చెడిపోయింది, కొత్తది మూడో వెర్షనుతో తప్ప నడవదు, అధికారికంగా విడుదలైనవి తప్ప ప్రెస్సు కంప్యూటర్లలో పెట్టనివ్వరు, పరీక్షలకు రెండు నెలలుంది, అరవైరెండు మంది పిల్లలు. తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఈ విడుదలకు గడువు మూడు వారాల తర్వాత శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. అది దాటితే మళ్లీ విడుదల ఆరు నెలలకు.

గుమ్మంగారు కళ్లద్దాలు తీసి, రెండువైపులా ఊది, చొక్కా అంచుతో తుడిచి, కిటికీ వెలుగులో పట్టి చూసి, పెట్టుకున్నారు. ప్యాచ్‌ను తన కంప్యూటర్లోకి ఎక్కించి నడిపారు. ఆయన దగ్గర రెండు వెర్షన్లూ ఉన్నాయి. మాడ్యూల్ "దొరికింది, రెండో వెర్షను" అంది. ఆయన "పనిచేయడం లేదు" అని రాసి పంపారు.

ఆవిడ నుంచి, "నా దగ్గర పనిచేస్తోందండీ" అని జవాబొచ్చింది.

ఈ వృత్తిలో ఇంతకన్నా అరిగిపోయిన మాట లేదు. బోనెక్కిన ప్రతివాడూ చెప్పే మాటే అది. గుమ్మంగారు పళ్లు కొరుక్కుని, ప్యాచ్ నడిపే ముందు, ఇంతకుముందు కూర్చినవన్నీ దాచి ఉంచే పాత ఫోల్డరు మొత్తం తీసేశారా అని అడిగారు. కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఆయనే రాసిపెట్టిన నియమావళిలో మొదటి నియమం అదే. లావుపాటి అక్షరాల్లో ఉంటుంది.

"తీసేశాకే నడిపాను. మీరూ తీశారా?" అని రాసింది ఆవిడ.

గుమ్మంగారికి చిర్రెత్తుకొచ్చింది. నియమం రాసినవాడినే నియమం పాటించావా అని అడగడమేమిటి. పంతులుగారిని అఆలు వచ్చా అని అడిగినట్టుంది. ఆ ప్రశ్నకు జవాబివ్వడం తన స్థాయికి తగదనుకుని, దాన్ని వదిలేసి, రెండో లైను చివర అనవసరమైన ఖాళీ ఒకటుందని, వివరణ వాక్యానికి చుక్క పెట్టలేదని తెలియజేశారు.

పాపం ఆవిడ చుక్క పెట్టింది, ఖాళీ తీసింది, ఇంకేం తక్కువైందో తెలియక మరికొన్ని చోట్ల వెతికించింది. రెండో ప్యాచ్ ముప్ఫై ఎనిమిది లైన్లు. నడిపితే రెండో వెర్షనే దొరికింది. మూడోది నూటనలభై. అందులో కంప్యూటర్లోని ప్రతి గదీ, ప్రతి అలమరా గాలించే ఏర్పాటుంది. మళ్లీ రెండో వెర్షనే. ఈసారి గుమ్మంగారు, ఇంత చిన్న పనికి ఇంత రాద్ధాంతం ఎందుకని తొమ్మిది అభ్యంతరాలు రాశారు. రాద్ధాంతం తన అభ్యంతరాల్లోంచే పుట్టిందన్న ఆలోచన ఆయన దరిదాపుల్లోకి రాలేదు. సహోద్యోగికి ఫోన్ చేసి, ఈ కాలం వాళ్లకు పరీక్షించుకుని పంపే అలవాటే లేదని అరగంట వాపోయారు.

గడువు శుక్రవారం వచ్చింది. గుమ్మంగారు ఆఫీసుకు సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చున్నారు. మధ్యాహ్నం మూడింటికి నాలుగో ప్యాచ్ వచ్చింది. మూడువందల పన్నెండు లైన్లు. ఒక చివర్నుంచి చూస్తే రెండో చివర కనబడదు. కింద ఆవిడ రాసిన వాక్యాలు మాత్రం పొట్టిగా ఉన్నాయి.

"ఇది నాలుగోది. ఇదీ మీ దగ్గర పనిచేయకపోతే ఐదులోపు చెప్పండి, వెనక్కి తీసుకుంటాను. పిల్లల పుస్తకాలకు ఇంకో దారేదైనా చూసుకోవాలి."

గుమ్మంగారు రాతిమనిషి కాదు. ఆ చివరి వాక్యం దగ్గర కళ్లద్దాలు మామూలుకన్నా ఎక్కువసేపు తుడిచారు. ఇదైనా పనిచేస్తే బాగుండునని నిజంగానే అనుకుంటూ నడిపారు. "దొరికింది, రెండో వెర్షను."

ఆయనకు ఆ తెరమీద, ఆ ప్యాచ్ మీద, తన మంచితనం మీద ఒకేసారి ఒళ్లు మండింది. "పనిచేయడం లేదు" అని టైపు చేయడం మొదలుపెట్టారు. సగంలో ఫోన్ మోగింది. మందుల షాపులో పనిచేసే ఆయన భార్య. స్నానాలగది పైకప్పు కింద గొట్టం కారడం మొదలై మూడు వారాలైంది, ప్లంబర్ బయల్దేరాడు, అతనికి నిచ్చెన ఇప్పించండి, పోయినవారంలా తర్వాత రమ్మని పంపేయకండి అంది. ఆవిడ ఫోన్ పెట్టేసరికి తలుపు గంట మోగింది.

ముందుగదిలో వాలుకుర్చీలో గుమ్మంగారి తండ్రి ఉన్నారు. పెద్దాయన ముప్ఫై నాలుగేళ్లు ఒక కర్మాగారంలో స్టోర్‌కీపర్‌గా చేసి రిటైరయ్యారు. పదకొండువేల వస్తువులు ఏ అరలో ఎన్నున్నాయో కుర్చీలోంచి లేవకుండా చెప్పేవారట. లేచి చూసి చెప్పేవాడు స్టోర్‌కీపర్ కాదు, కూలివాడు అనేది ఆయన సిద్ధాంతం. ఇప్పటికీ ఇంట్లో ఏది ఎక్కడుందంటే కుర్చీలోంచే చెప్తారు. చాలాసార్లు అది అక్కడే ఉంటుంది కూడా. కారణం, కోడలు ఏ వస్తువునైనా ఆయన ఎక్కడుందంటే అక్కడే పెట్టి ఉంచుతుంది.

ప్లంబర్ యాభైయేళ్ల మనిషి. భుజాన సంచి, చెవిమీద పెన్సిల్. గొట్టం చూసొచ్చి, నిచ్చెన కావాలన్నాడు. "వెనక వరండాలో, ఇనప బీరువా పక్కన, గోడకి ఆనించి ఉంది" అన్నారు పెద్దాయన, పేపర్ మీంచి కళ్లెత్తకుండా.

ప్లంబర్ వెళ్లొచ్చి అక్కడ లేదన్నాడు. పెద్దాయన జాలిగా చూసి, సరిగా చూడలేదన్నారు. మళ్లీ వెళ్లాడు. బీరువా పక్కన సైకిలుంది, నిచ్చెన లేదన్నాడు. సైకిలు జరిపి చూడమన్నారు. జరిపాడు. సైకిలు వెనక పీపా ఉంది. పీపా దొర్లించి చూడమన్నారు. ఇదంతా పక్కగదిలో గుమ్మంగారికి వినబడుతూనే ఉంది. "పనిచేయడం" దగ్గర ఆగిన వాక్యం అలాగే ఉంది. ఒకవైపు గడువు, ఒకవైపు పీపా దొర్లుతున్న చప్పుడు. ఆయన తల ప్రాణం తోకకొచ్చింది.

నాలుగింటికి పదినిమిషాలుందనగా లేచి వరండాలోకి వెళ్లి చూశారు. ఇనప బీరువా అడ్డంగా జరిపి ఉంది. సైకిలు, పీపా, రెండు ట్రంకుపెట్టెలు, విరిగిన టేబుల్‌ఫ్యాను, పాత పరుపు, అన్నీ నడిమధ్యలో పోగుపడి ఉన్నాయి. ఒక్క నిచ్చెన కోసం వరండా మొత్తం తిరగేసి ఉంది. ప్లంబర్ మాత్రం లేడు. కాసేపటికి వీధి తలుపు వైపునుంచి వచ్చాడు, భుజాన నిచ్చెనతో. పై వాటాకి వెళ్లే మెట్ల మలుపులో ఉందట. దాని పక్కకర్రమీద తెల్లరంగుతో నలభై ఏడు అంకె వేసి ఉంది. ఇంట్లో ప్రతి సామానుకూ అంకె వేసింది పెద్దాయనే. నలభై ఏడు నిచ్చెన అంకె.

ప్లంబర్ దాన్ని పెద్దాయన కుర్చీ ముందు నిలబెట్టాడు. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని అంకె చూశారు. తన చేతిరాతని గుర్తుపట్టారు.

"ఇది మనదే" అన్నారు.

"అవునండి" అన్నాడు ప్లంబర్.

"అయితే ఇది ఇక్కడికెందుకు తెచ్చావు. మన నిచ్చెన వరండాలో ఉంది కదా."

ప్లంబర్ కాసేపు ఆయన్ని, కాసేపు నిచ్చెనని చూశాడు. కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తేల్చుకోలేక, గుమ్మంగారి వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు.

"పెద్దాయన చూసి చెప్పట్లేదు సార్. గుర్తున్నది చెప్తున్నారు. గుర్తున్నంతవరకూ కరెక్టే. నేను ఎన్నిసార్లు ఎన్ని సామాన్లు జరిపినా ఆయన మాట మారదు. నా వెతకడంలో లోపం లేదు."

గుమ్మంగారు అవునని తలూపబోయి ఆగిపోయారు. జరిపిన బీరువా, దొర్లించిన పీపా, అడ్డంగా పడున్న పరుపు వైపు ఒకసారి చూశారు. నాలుగు లైన్లు, ముప్ఫై ఎనిమిది, నూటనలభై, మూడువందల పన్నెండు. "మీరూ తీశారా?"

గబగబా గదిలోకొచ్చి "తాత్కాలికం" ఫోల్డరు తెరిచారు. అందులో ఒక చిన్న చీటీలాంటి ఫైలుంటుంది. మాడ్యూల్ ఒకసారి ఏదైనా వెతికి పట్టుకుంటే, అది ఎక్కడ దొరికిందో ఆ చీటీలో రాసుకుంటుంది. రెండోసారి అడిగితే లేచి వెతకదు, చీటీ చూసి చెప్తుంది. ప్రతిసారీ వెతకడం టైము దండగని ఆ ఏర్పాటు పదేళ్ల కిందట పెట్టింది గుమ్మంగారే. చుక్కల మూటకు ఎదురుగా పాత చిరునామా, రెండో వెర్షను అని ఉంది. ఆ లైను రాసి నాలుగేళ్లయింది. అంటే మూడు వారాలుగా ప్రెస్సావిడ పంపిన ఒక్క ప్యాచ్ కూడా ఆయన కంప్యూటర్లో ఏమీ వెతకలేదు. వెతికే అవకాశమే రాలేదు. మాడ్యూల్ వాలుకుర్చీలోంచే జవాబిచ్చింది.

ఫోల్డరు తీసేయడమే మార్గం. నియమావళిలో మొదటి నియమం, లావుపాటి అక్షరాల్లో. గడియారం నాలుగూ ఐదు. నలభై నిమిషాలు పోతే నాలుగూ నలభై ఐదు. మిగిలేది పావుగంట. ఏదైనా తేడా వస్తే రెండోసారి నడపడానికి వ్యవధి లేదు. గుమ్మంగారు నాలుగో ప్యాచ్‌ను పక్కన పెట్టి, అన్నిటికన్నా మొదట వచ్చిన నాలుగు లైన్లని ఎక్కించారు. కళ్లద్దాలు తీశారు, తుడవకుండానే మళ్లీ పెట్టుకున్నారు. ఆరేళ్లు కాపాడిన ఫోల్డర్ని తుడిచేసి, మొదటినుంచి తయారుచేయమని మీట నొక్కారు.

ఆ తర్వాత తెర ముందు కూర్చుంటే గుండె ఆగేలా ఉందని లేచి వెళ్లి, ప్లంబర్‌కు నిచ్చెన పట్టుకున్నారు. ప్లంబర్ గొట్టం విప్పుతూ, ఇది మూడు వారాల కిందటే పిలిచి ఉంటే పావుగంట పని, ఇప్పుడు చివర తుప్పు తినేసింది, ముక్క కోసి కొత్తది అతకాలి అన్నాడు. గుమ్మంగారు కాదనలేదు. ఆ రోజు ఎవరేమన్నా కాదనే స్థితిలో లేరు. పైనుంచి చల్లటి నీళ్లు మెడమీద పడుతుంటే, గడియారం కనబడేలా పక్కకి వంగి, నిమిషాలు లెక్కపెడుతూ నిచ్చెనని కౌగిలించుకుని నిలబడ్డారు. ముందుగదిలోంచి పెద్దాయన, ఆ నిచ్చెన పని అయ్యాక ఎక్కడినుంచి తెచ్చావో అక్కడే పెట్టు, వరండాలో మనదుంది అని చెప్పడం వినిపించింది.

నాలుగూ నలభై మూడుకు పనైంది. తడిచొక్కాతో గదిలోకి పరిగెత్తారు. తెరమీద ఒక్క లైనుంది. "దొరికింది, మూడో వెర్షను."

ఇప్పుడు అసలు కష్టం మొదలైంది. ప్యాచ్‌ను లోపలికి తీసుకునేటప్పుడు పరిశీలకుడు ఏదో ఒకటి రాయాలి. రాసింది బృందమంతా చూస్తుంది, తరతరాలూ ఉండిపోతుంది. గుమ్మంగారు ముందు "కొన్ని స్థానిక పరిస్థితుల దృష్ట్యా పరీక్షలో జాప్యం జరిగింది" అని రాశారు. చదువుకుంటే ఏదో శాఖ విడుదల చేసిన ప్రకటనలా ఉంది. కొట్టేశారు. "ఇద్దరి వైపునుంచీ" అని మొదలుపెట్టి, రెండో వైపునుంచి ఏ తప్పూ లేదని గుర్తొచ్చి, అదీ కొట్టేశారు. గడియారం నాలుగూ యాభై ఒకటి చూపిస్తోంది. చివరికి ఇలా రాశారు.

"మీ మొదటి ప్యాచే సరైనది. దాన్నే తీసుకుంటున్నాను. పాత ఫోల్డరు తీశారా అని మీరు నన్నడిగారు. తీయలేదు. మూడు వారాలు మీ చేత అనవసరంగా చాకిరీ చేయించాను. క్షమించండి."

నాలుగూ యాభై నాలుగుకు ప్యాచ్ లోపలికి వెళ్లింది. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది.

"చాలా సంతోషమండీ. మిగతా మూడూ పారేయొచ్చా? ఆ మూడువందల లైన్లలో ఏముందో నాకే అర్థం కావడం మానేసి రెండురోజులైంది."

గుమ్మంగారు పారేయొచ్చని రాశారు. ఇంకేదైనా రాయాలనిపించి, ఏం రాయాలో తెలియక, పిల్లలకు శుభాకాంక్షలు అని చేర్చారు.

ఆరింటికి భార్య వచ్చింది. స్నానాలగదిలో కారడం ఆగినందుకు సంతోషించింది. వరండా చూసి ఆ సంతోషం అక్కడే దించేసింది. సంగతంతా విన్నాక, నిచ్చెన పై వాటావాళ్లకు తానే పోయినేడాది ఇచ్చానని, ఇచ్చేముందు మామయ్యగారితోనూ మీతోనూ చెప్పానని, ఇద్దరూ ఒకేలా తలూపారని గుర్తుచేసింది. ఆవిడ, గుమ్మంగారు కలిసి బీరువా వెనక్కి జరిపారు. పెద్దాయన కుర్చీలోంచే, పీపా ఎడమపక్కన ఉండాలని, దాని ముందు సైకిలని, అన్నీ వరసగా చెప్పారు. అన్నీ అక్కడే పెట్టారు. నిచ్చెనను కూడా తెచ్చి, పెద్దాయన ఉందన్న చోటే, బీరువా పక్కన గోడకి ఆనించారు.

"ఉందని చెప్పానా లేదా" అన్నారు పెద్దాయన.

చేతులు కడుక్కుంటూ భార్య, "మరి మీ నలభై నిమిషాల ఫోల్డరు పోయిందంటున్నారు. గడువు దాటిపోతుందేమోనని భయం వేయలేదూ?" అని అడిగింది. చాలా వేసిందన్నారు గుమ్మంగారు. అంతసేపు నిచ్చెన పట్టుకుని ఎలా నిలబడ్డారో వర్ణించి చెప్పి, సరిగ్గా ఎంత పట్టిందో చూపిద్దామని ఆవిడను కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్లారు. నలభై నిమిషాల లెక్క పాత కంప్యూటర్ మీద తేల్చింది. కొత్తదాని మీద నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు పట్టింది.